పాత ఫ్లాట్ అమ్మేముందు: ఖాళీ చేసి చూపాలా, ఉంటూ చూపాలా, రంగులు వేయించాలా?

హైదరాబాద్‌లో పదీ పదిహేనేళ్ల వయసున్న రెండు, మూడు బెడ్‌రూముల ఫ్లాట్ అమ్మకానికి పెట్టామని తెలిస్తే చాలు, మొదటి వారంలోనే సలహాలు మొదలవుతాయి. ఇల్లంతా రంగులు వేయించమని బావమరిది, ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని పక్కింటాయన, అద్దెకున్నవాళ్లను ముందు పంపించేయమని బ్రోకర్. యూట్యూబ్‌లో వెతికితే అమెరికా వీడియోలు వస్తాయి. కుషన్లు మార్చండి, పూలు పెట్టండి, ఇంటివాళ్ల ఫొటోలు తీసేయండి అంటారు. చూడటానికి వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తమను తాము ఊహించుకోవాలని అక్కడివాళ్ల తాపత్రయం.

కూకట్‌పల్లిలోనో మల్కాజిగిరిలోనో పాత ఫ్లాట్ చూడటానికి వచ్చేవాళ్లు కుషన్ల వంక చూడరు. వాళ్లు అనుమానాలతో వస్తారు. నీళ్లు సరిగా వస్తాయా? గోడలకు చెమ్మ ఉందా? పైఅంతస్తుకు పర్మిషన్ ఉందా? ఈశాన్యంలో ఏముంది? అసలు వీళ్లు ఎందుకు అమ్ముతున్నారు? వీటిలో ఏదో ఒక అనుమానాన్ని తీర్చే ఖర్చు తిరిగొస్తుంది. మిగతా ఖర్చులో చాలావరకు రాదు. కింద పోల్చినవన్నీ ఈ లెక్కతోనే పోల్చాను.

ఖాళీగానా, కాపురం ఉంటూనా, అద్దెవాళ్లు ఉండగానా

ఖాళీ ఫ్లాట్‌కు ఉన్న పెద్ద బలం, దాచడానికి అందులో ఏమీ లేదని చూడగానే తెలిసిపోవడం. బీరువా వెనక గోడ కూడా కనిపిస్తుంది. వాస్తు చూసే ఆయన దిక్సూచి పట్టుకుని గది గదికీ తీరిగ్గా తిరగొచ్చు. పార్టీ ఎప్పుడు వస్తానంటే అప్పుడు తాళం తీయొచ్చు. కానీ మూసి ఉంచిన ఇంటికి ఒక జబ్బు ఉంది: వాసన. బాత్రూమ్ జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ గాలి పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. కొన్ని వారాలు వాడకపోతే అవి ఆవిరైపోతాయి. ఇక తలుపు తీయగానే మురుగు కంపు, వెంటనే బొద్దింకలు. వచ్చినవాళ్లు ‘డ్రైనేజీ సమస్య ఉన్నట్టుంది’ అనుకుని వెళ్లిపోతారు, పైకి మాత్రం అనరు. వారానికోసారి ఎవరైనా వెళ్లి ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి, ఫ్లష్ కొట్టి, కిటికీలు ఒక గంట తెరిచి ఉంచితే చాలు. ఖాళీ ఇల్లే కదా అని కరెంటు కనెక్షన్ తీయించకండి. ఫ్యాన్ తిరగని, లైటు వెలగని ఇల్లు చూసినవాళ్లు వైరింగ్ మీద కూడా అనుమానపడతారు.

కాపురం ఉంటూ చూపించే ఇంట్లో ఈ సమస్య ఉండదు. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, వంటగదిలో పొయ్యి వెలుగుతుంది, బాల్కనీలో తులసి పచ్చగా ఉంటుంది. పైగా వచ్చినవాళ్లు మీతో మాట్లాడతారు. స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుంది, కింద ఫ్లాట్‌వాళ్లు ఎలాంటివాళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ ఎన్నిసార్లు తెప్పిస్తారు. బ్రోకర్ చెబితే నమ్మని మాట, ఇంటావిడ చెబితే నమ్ముతారు. ఇక్కడి ఇబ్బంది సామాన్లు. అటక మీద అట్టపెట్టెలు, బాల్కనీలో విరిగిన కుర్చీ, పిల్లల చిన్నప్పటి సైకిలు, డబుల్ కాట్ కింద పాత ట్రంకు పెట్టె. పన్నెండొందల ఎస్ఎఫ్‌టీ ఇల్లు ఎనిమిదొందలే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎలాగూ ఖాళీ చేయాల్సిన ఇల్లే కాబట్టి, కొత్త ఇంటికి తీసుకెళ్లనివన్నీ ముందే వదిలించుకోండి. ఖర్చు లేకుండా జరిగే పనుల్లో ఇంతకంటే ఫలితం ఇచ్చేది లేదు.

అద్దెవాళ్లు ఉన్న ఫ్లాట్ చూపడం అన్నిటికంటే కష్టం. వాళ్లకు ఇందులో లాభం లేదు, నష్టమే. ఆదివారం పూట తెలియనివాళ్లు పడకగదిలోకి వస్తుంటే ఎవరికి నచ్చుతుంది? తలుపు సగం తీసి ‘మా పాప పడుకుంది, తర్వాత రండి’ అంటే ఆ పార్టీ మళ్లీ రాదు. పైగా, ఇల్లు అమ్మినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దయిపోదు. కొన్నవారు కొత్త యజమానిగా ఆ అద్దెవాళ్లతోనే కొనసాగాల్సి వస్తుంది. తాము ఉండటానికి కొనేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. అద్దె ఆదాయం కోసం కొనేవాళ్లకైతే ఇదే ప్లస్సు, మొదటి నెల నుంచే అద్దె చేతికొస్తుంది.

ఖాళీ చేయించడానికి అయ్యే ఖర్చు ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి. ఫ్లాట్ 80 లక్షలు, అద్దె నెలకు 22 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు అనుకుందాం. రెండు నెలలు ఖాళీగా ఉంటే మీకు పోయేది 50 వేలు. 80 లక్షల్లో ఒక శాతం అంటేనే 80 వేలు. అద్దెవాళ్లు ఉన్నారన్న సాకుతో కొనేవాళ్లు తగ్గించమని అడిగేది మామూలుగా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే, ఉండటానికి కొనేవాళ్లు ఎక్కువగా వచ్చే ఏరియా అయితే, ఒప్పందం ప్రకారం నోటీసు ఇచ్చి, అడ్వాన్స్ పేచీ లేకుండా తిరిగిచ్చి, ఖాళీ అయ్యాకే చూపడం మేలు. ఐటీ ఆఫీసుల చుట్టుపక్కల, పెట్టుబడికి కొనేవాళ్లు ఎక్కువగా తిరిగే చోట మాత్రం మంచి అద్దెవాళ్లను పంపించేయడం తెలివైన పని కాదు. అప్పుడు వాళ్లతో ఒక మాట అనుకోండి: చూడటానికి వచ్చేది ఆదివారం ఉదయం మాత్రమే, ముందురోజు ఫోన్ చేసి చెబుతాం, ఈ రెండు నెలలూ అద్దెలో కొంత తగ్గిస్తాం. తగ్గించే ఆ రెండు మూడు వేలే ఇల్లు సర్ది ఉంచేలా చేస్తాయి.

మూడింటిలో ఒకటి తేల్చమంటే, మీరు కాపురం ఉంటున్న ఇల్లయితే ఉంటూనే చూపించండి, సామాన్లు మాత్రం సగం చేయండి. చూపడం కోసమే ముందుగా వేరే అద్దె ఇంటికి మారిపోవడం అనవసరం. అమ్మకం ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ అద్దె మాత్రం నెలనెలా కట్టాలి.

రంగులు: ఇల్లంతా, అక్కడక్కడ, లేదా అసలు వద్దు

గోడలు, సీలింగ్ కలిపి రంగు వేయాల్సిన విస్తీర్ణం, నేల విస్తీర్ణానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. వెయ్యి ఎస్ఎఫ్‌టీ కార్పెట్ ఏరియా అంటే మూడు వేల చదరపు అడుగుల పని. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేయాలంటే ఖర్చు లక్ష దాటడం పెద్ద విశేషం కాదు. అంత పెట్టి వేయించినా, కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముందు తమకు నచ్చిన రంగు వేసుకుంటారు. అంటే మీరు పెట్టిన డబ్బు వాళ్లు మూడు నెలలు కూడా చూడరు.

అలాగని ఉన్నది ఉన్నట్టే చూపితే, మేకు రంధ్రాలు, స్విచ్‌బోర్డుల చుట్టూ నల్లటి మరకలు, పిల్లలు గీసిన బొమ్మలు చూసి, తమకయ్యే ఖర్చు లక్ష అయితే మూడు లక్షలు అనుకుని బేరం ఆడతారు. కాబట్టి మధ్యదారి: హాలు, వంటగది, గుమ్మం ఎదురుగా కనిపించే గోడ. మామూలు ఎమల్షన్, తెలుపు లేదా లేత గోధుమ రంగు. మిగతా గదుల్లో రంధ్రాలు పూడ్చి, మరకలు తుడిపించండి. ముదురు ఊదా, ఎరుపు యాక్సెంట్ గోడ ఉంటే అది మాత్రం మార్చండి. ఇల్లు పూర్తిగా ఖాళీగా ఉంటే లెక్క మారుతుంది. సామాన్లు లేని గోడ మీద ప్రతి మచ్చా కనిపిస్తుంది, పని కూడా తేలిగ్గా అవుతుంది. అప్పుడు మొత్తం ఒక్క కోటు వేయించడం సబబే.

ఇక చెమ్మ. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పై బాత్రూమ్ నుంచి కారుతున్న సీలింగ్ మీద, వానాకాలంలో ఉబ్బే గోడ మీద కొత్త లప్పం పెట్టి రంగు కొట్టి చూపించేయమని సలహా ఇచ్చే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. వద్దు. మొదటి కారణం, అది మూడు వారాల్లో మళ్లీ పైకి వస్తుంది, సరిగ్గా రెండోసారి చూడటానికి వచ్చినప్పుడు. రెండో కారణం చట్టం. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా అమ్మేవారికి తెలిసి ఉంటే, దాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. మూడోది, చెమ్మ మీద వేసిన కొత్త ప్యాచ్‌ను పట్టేయడం ఇప్పుడు కొనేవాళ్లకు బాగా తెలుసు. ఇల్లంతా పాత రంగు, ఒక్క మూలే కొత్తగా మెరుస్తుంటే ముందు అక్కడికే వెళ్లి గోడ తట్టి చూస్తారు.

కారణం మీ బాత్రూమ్ టైల్స్ సందులైతే వాటిని గీకించి, ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. ఇది చిన్న ఖర్చే. టెర్రస్ నుంచి దిగుతున్న నీళ్లయితే వాటర్‌ప్రూఫింగ్ అసోసియేషన్ అందరి డబ్బుతో చేయించాల్సిన పని. అది తేలడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఆగలేకపోతే మచ్చను అలాగే ఉంచి, ‘టెర్రస్ నుంచి వస్తోంది, అసోసియేషన్ కొటేషన్ ఇదిగో, మా వాటా మేం కడతాం’ అని కాగితం చూపించండి. నమ్మకం కలిగించడంలో ఈ ఒక్క మాట, ఇల్లంతా వేసిన రంగు కంటే బాగా పనిచేస్తుంది.

మాడ్యులర్ కిచెన్ కొత్తగా చేయించడం, ఫాల్స్ సీలింగ్ పెట్టించడం లాంటివి అసలు తలపెట్టకండి. కొనేవాళ్లు పొయ్యి గట్టు దిక్కు దగ్గర నుంచి మార్చుకుంటారు.

తుడవడం, కడగడం, వాసన

మన దగ్గర ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు చెప్పులు గుమ్మం బయట వదిలి, ఉత్తి కాళ్లతో లోపలికి వస్తారు. గోడలు చూసేలోపే కాళ్లకు నేల తగులుతుంది. ఇసుక గరగరలాడినా, వంటగదిలో జిడ్డు అంటుకున్నా ఆ ముద్ర పోదు. వాళ్లు రావడానికి అరగంట ముందు నేల తుడిపించండి, ఆరేలా ఫ్యాన్లు వేయండి.

బోరు నీళ్ల ఉప్పు మరకలు కుళాయిల మీద, బాత్రూమ్ టైల్స్ మీద తెల్లగా పేరుకుని ఉంటాయి. వాటిని చూడగానే ‘నీళ్లు ఇంత ఉప్పగా ఉంటాయా’ అంటారు. యాసిడ్ పోసి రుద్దితే టైల్ మెరుపు, కుళాయి పూత రెండూ పోతాయి. వెనిగర్‌లో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి రుద్దితే చాలావరకు పోతాయి. మంజీరా కనెక్షన్ (నగరంలో సరఫరా అయ్యే మంచినీళ్ల కుళాయి) ఉంటే అది ఏ కుళాయికి వస్తుందో, ఏ రోజుల్లో వస్తుందో చూపించండి. ఎండాకాలంలో ఈ నగరంలో ఫ్లాట్ విలువ పెంచే మాట ఇదే.

కుటుంబ ఫొటోలు తీయాలా అంటే, అక్కర్లేదు. దేవుడి గది మాత్రం దేవుళ్లతోనే ఉండనివ్వండి. దీపం ఉన్న పూజగది ఆ ఇంటికి మంచి పేరు, ఖాళీ అర వట్టి అరే. గుమ్మానికి ఎండిపోయిన మామిడాకులు, కుళ్లిపోయిన బూడిద గుమ్మడికాయ వేలాడుతుంటే మార్చండి. ఆ పూట చేపల పులుసు పెట్టుకోవద్దు. తినకూడదని కాదు, పరదాలకు పట్టిన వాసన సాయంత్రం దాకా పోదని. రూమ్ ఫ్రెషనర్ గట్టిగా కొట్టినా అనుమానమే, ఏదో కప్పిపుచ్చుతున్నారనుకుంటారు.

ఎప్పుడు చూపాలి

తూర్పు ముఖం ఫ్లాట్‌ను ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య చూపితే వెలుతురు దానంతటదే మాట్లాడుతుంది. పడమర ఫ్లాట్‌కైతే సాయంత్రం ఎండ బాగా పడుతుంది, కానీ మే నెలలో అదే ఎండ శత్రువు. పైఅంతస్తు ఫ్లాట్‌ను ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఎవరికీ చూపకండి.

ఎక్కువమంది వచ్చేది ఆదివారమే. అయితే ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. నమ్మకం ఉన్న కుటుంబాలు ఆ సమయంలో గుమ్మం తొక్కవు, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఉదయం స్లాట్లే ఇవ్వండి. అమావాస్య, మంగళవారం కూడా అంతే. ఆషాఢంలో కదలిక తగ్గుతుంది, శ్రావణం రాగానే ఫోన్లు మోగుతాయి. ఇక్కడే చిన్న చిక్కు ఉంది. ఆషాఢంలో ఎలాగూ ఎవరూ రారు కదా, అప్పుడు రంగులు వేయించుకుందాం అనుకుంటారు చాలామంది. అవి వాన రోజులు. లప్పం ఆరదు, తడి గోడ మీద వేసిన రంగు పొరలుగా ఊడుతుంది. ఆ పనులు మే నెలలోపే ముగించండి. ఆషాఢాన్ని కాగితాలకు వాడుకోండి.

ఒకేసారి నలుగురు ఐదుగురు పార్టీలను పిలిస్తే డిమాండ్ ఉన్నట్టు కనిపిస్తుందని కొందరు బ్రోకర్లు అంటారు. కొత్త ప్రాజెక్టు సైట్ ఆఫీసుకు అది సరిపోతుందేమో. కాపురం ఉన్న ఇంట్లో మాత్రం గందరగోళమే మిగులుతుంది. ఒకరు ఎత్తి చూపిన లోపం అందరికీ తెలుస్తుంది, ఎవరికీ తీరిగ్గా సమాధానం చెప్పలేరు. పార్టీకీ పార్టీకీ మధ్య ముప్పావు గంట తేడా పెట్టండి.

ఎవరు చూపాలి: మీరా, బ్రోకరా, వాచ్‌మనా

మీరే చూపితే కమీషన్ మిగులుతుంది. అది సాధారణంగా రెండు వైపుల నుంచీ ఒక్కో శాతం, కొన్నిచోట్ల రెండు. నోబ్రోకర్, నైన్టీనైన్ ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్‌లో మీరే పెట్టుకోవచ్చు. అయితే వచ్చే ఫోన్లలో సగం బ్రోకర్లవే. రోజంతా ఫోన్ ఎత్తే ఓపిక, మొహం మీదే ‘వంటగది చిన్నదండీ’ అంటే నొచ్చుకోని స్వభావం ఉండాలి. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఇంటిని ఎవరో తక్కువ చేసి మాట్లాడుతుంటే కొందరు తట్టుకోలేరు. అలాంటివాళ్లు ఆ గంటసేపు గుడికి వెళ్లి, చూపడం ఇంకొకరికి అప్పగించడం మంచిది.

బ్రోకర్‌ను పెట్టుకుంటే ఒకరు లేదా ఇద్దరు చాలు. పదిమందికి చెబితే అదే ఫ్లాట్ అవే ఫొటోలతో ఆన్‌లైన్‌లో పది రేట్లకు కనిపిస్తుంది, కొనేవాళ్లు అన్నిటికంటే తక్కువ రేటును పట్టుకుంటారు. ధర వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. భార్యాభర్తలిద్దరూ ఒకే అంకె చెప్పాలన్నది మరిచిపోకండి. ఆయన 82 అని, ఆవిడ పక్కగదిలో ‘80కైతే ఇచ్చేస్తాం’ అంటే బేరం అక్కడే ముగిసింది.

వాచ్‌మన్‌ను తక్కువ అంచనా వేయొద్దు. మీరెంత బాగా చూపినా, వచ్చినవాళ్లు కిందికి దిగాక ఆయన్నే అడుగుతారు: ఎందుకు అమ్ముతున్నారు, నీళ్లెలా, గొడవలేమైనా ఉన్నాయా. ఆయనకు ముందే నిజం చెప్పి ఉంచండి, అమ్మకం కుదిరితే ఏదో ముట్టజెబుతామని కూడా. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టండి. అదే బిల్డింగ్‌లో తమ్ముడికోసం, కూతురికోసం ఫ్లాట్ చూస్తున్నవాళ్లు తరచుగా ఉంటారు. వాళ్లకు ఇల్లు చూపాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. తాళాలు మాత్రం వాచ్‌మన్ దగ్గర వదిలేసి, ఎవరొచ్చినా తీసి చూపమనడం సరికాదు. కాపురం ఉన్న ఇంట్లో బీరువా తాళాలు, నగలు, పాస్‌బుక్కులు లోపల పెట్టి, వచ్చేవాళ్ల పేరు, నంబరు ముందే తీసుకోండి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు కొత్తవాళ్లను రానివ్వకండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడి ఫ్లాట్ అమ్ముతున్నవాళ్లకు వేరే దారి లేదు, చుట్టాలైనా బ్రోకరైనా చూపాల్సిందే. వాళ్లు ముందుగా సిద్ధం చేసుకోవాల్సింది వీడియో కంటే కాగితాలు. ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టాలి. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఆస్తికి మామూలుగా కొనేవారు 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే మినహాయించి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అమ్మేవారు ఎన్నారై అయితే అది చాలా ఎక్కువ. టీడీఎస్ తక్కువ రేటుకు పట్టుకోవచ్చని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కు ముందే దరఖాస్తు చేయకపోతే పెద్ద మొత్తం రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటుంది. ఈ సంగతి మొదటి చూపుల్లోనే కొనేవారికి చెప్పేయాలి.

టేబుల్ మీద ఫైలు

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల కాలం నాటి దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరైన ప్లాన్, ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయిలు లేవన్న ఉత్తరం. అన్నీ ఒక ఫైలులో పెట్టండి. యూడీఎస్ (బిల్డింగ్ ఉన్న స్థలంలో మీ ఫ్లాట్‌కు వచ్చే వాటా) ఎన్ని గజాలో పైనే రాసి ఉంచండి, తప్పకుండా అడుగుతారు. హోమ్ లోన్ నడుస్తుంటే ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయని ముందే చెప్పి, బ్యాంకు ఇచ్చిన డాక్యుమెంట్ల జాబితా చూపండి.

మొదటిసారి వచ్చినవాళ్లకు ఫైలు చూపితే చాలు, జిరాక్సులు ఇవ్వక్కర్లేదు. ఈసీ వాళ్లే ఆన్‌లైన్‌లో తీసుకోగలరు, డాక్యుమెంట్ నంబరు చెప్పండి. రెండోసారి అమ్మానాన్నలతోనో అత్తమామలతోనో వచ్చాక, లాయర్‌కు చూపిస్తామంటే అప్పుడు ఇవ్వండి, ప్రతి పేజీ మీద అడ్డంగా ‘పరిశీలన కోసం మాత్రమే’ అని రాసి. ఆధార్ కాపీ బయానా దాకా అవసరం లేదు. ఏసీలు, గీజర్లు, చిమ్నీ, ఇన్వర్టర్, కర్టెన్ రాడ్లు, వీటిలో ఏవి ఇంటితో వస్తాయో ఒక కాగితం మీద రాసి అదే ఫైలులో పెట్టండి. రిజిస్ట్రేషన్ రోజు గొడవలు ఎక్కువగా వచ్చేది ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే.

ఇదంతా చేశాక కూడా కుటుంబం తర్వాత కుటుంబం వచ్చి చూసి, ‘మాట్లాడుకుని చెబుతాం’ అని వెళ్లి ఒక్కరూ రెండోసారి రాకపోతే, ఇంకో కోటు రంగు గురించి ఆలోచించకండి. ఇల్లు కాదు, చెప్పిన ధరే వాళ్లను ఆపుతోంది. మీ బిల్డింగ్‌లోనో పక్క వీధిలోనో ఈ మధ్య అమ్ముడైన ఫ్లాట్ ఎంతకు పోయిందో తెలుసుకోండి. ఆన్‌లైన్‌లో కనిపించేది అడిగిన ధర, డాక్యుమెంట్‌లో ఉండేది రాసుకున్న ధర, అసలు ధర ఈ రెంటికీ వేరుగా ఉండొచ్చు. దాన్ని కొన్నవాళ్లనో, ఆ బిల్డింగ్ వాచ్‌మన్‌నో అడగాలి.